దీపం ఉందా?

కరెంటు పోయిన రాత్రి ఆ భవనంలో ఎవరూ తలుపు తీయరు. తట్టింది కట్టుకున్న మొగుడైనా సరే, కరెంటు వచ్చేదాకా బయట ఉండాల్సిందే. ఓసారి అలా చిక్కుబడిపోయిన ఒకాయన మూసేసిన కొట్టు అరుగు మీద తెల్లవార్లూ దోమలతో కుస్తీ పట్టి, ఆ తర్వాత చాలా రోజులు పెళ్లాంతో మాట్లాడలేదట.

అంతా ఆ మలుపు వల్ల.

రెండో అంతస్తు నుంచి మూడో అంతస్తుకి మెట్లు తిరిగే చోటు అది. పగలు చూస్తే ఏమీ లేదు. అంచు అరిగిన మెట్టు, సున్నం రాలిన గోడ, అద్దం పగిలిన చిన్న కిటికీ. పిల్లలు దాని మీంచే దడదడా పరిగెత్తుతారు. కానీ దీపాలు ఆరాయా... అటువైపు చూసే మగాడు లేడు.

కొవ్వొత్తుల పెద్దమ్మ చనిపోయింది అక్కడే.

ఆవిడ మూడో అంతస్తులో ఉండేది. సరుకులు నిల్వ చేయడం ఆవిడకో పిచ్చి. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, కిరసనాయిలు, టార్చి సెల్లులు, సబ్బులు, చక్కెర డబ్బాలు... మంచం కింద, బీరువా మీద, ఆఖరికి స్నానాలగది అటక మీద కూడా. "యుద్ధం గానీ వస్తోందా పెద్దమ్మా?" అని అందరూ ఆటపట్టించేవాళ్లు. "వస్తే నా దగ్గరికే వస్తారుగా" అని ఆవిడా నవ్వేది.

యుద్ధం రాలేదు. తుఫాను వచ్చింది. భవనమంతా చీకటి. ఒక్క ఇంట్లోనూ అగ్గిపుల్లకి దిక్కు లేదు. ఆటపట్టించినవాళ్ల తలుపులే ఆవిడ ఒక్కొక్కటీ తట్టింది. టక్ టక్... టక్. "దీపం ఉందా?" లేదన్నవాళ్ల చేతిలో కొవ్వొత్తి పెట్టి, వెలిగించి మరీ ఇచ్చింది. సంచిలో ఆఖరిది రెండో అంతస్తులో ఇచ్చేసి, ఉత్త చేతులతో చీకట్లో పైకెక్కుతూ ఆ మలుపులో జారిపడింది.

తెల్లారి చూస్తే గుప్పిట్లో అగ్గిపెట్టె ఉంది. వెలిగించుకోవడానికే ఏమీ లేదు.

అప్పట్నుంచీ కరెంటు పోయిన ప్రతి రాత్రీ తలుపుల మీద ఆ చప్పుడు... ఆ తర్వాత మెట్లమీద ఎక్కడినుంచో గుసగుసలాంటి గొంతు. దీపం ఉందా?

ఉంది అనాలి. ఉన్నా లేకపోయినా ఉంది అనే అనాలి. అంటే వెళ్లిపోతుంది. లేదు అంటే ఏమవుతుందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఎవరూ అనలేదు. అయినా కళ్లతో చూసినట్టు చెప్పేవాళ్లకి మాత్రం కొదవ లేదు.

ఆ రెండో అంతస్తు ఇంట్లోనే అద్దెకు దిగాడు గడియారాల అల్లుడు. ఆఖరి కొవ్వొత్తి అందుకున్న ఇల్లు కాబట్టి ఎవరూ అడక్క అద్దె తగ్గింది, ఇతనికి కలిసొచ్చింది.

గడియారాలు బాగుచేయడం అతని వృత్తి. అల్లుడని ఎందుకంటారంటే, పొద్దున లేచిన దగ్గర్నుంచి వాళ్ల అత్తగారు "అల్లుడుగారూ!" అని పిలిచే పిలుపు వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఊళ్లోవాళ్ల టైములన్నీ సరిచేసే ఈ మనిషి, తన ఇంటి పని ఒక్కటీ టైముకి చేసిన పాపాన పోలేదు. ఏం చెప్పినా ఒకటే మాట, "చూద్దాంలే."

అద్దెకు దిగిన కొత్తలో అతనికి తగిలిన మొదటి దెబ్బ దెయ్యం వల్ల కాదు, బుట్ట వల్ల. మూడో అంతస్తులో ఒక కుట్టుపనావిడ ఉంటుంది. పెద్దమ్మ కూతురే. ఒక కాలు చిన్నప్పట్నుంచీ సరిగా లేదు, మెట్లు దిగలేదు. కూరలబండి వస్తే వీధివైపు బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దింపుతుంది. అది ఓ రోజు తిన్నగా అల్లుడి నెత్తిన దిగింది. బొప్పి కట్టింది. బుట్ట పిడికి చుట్టూ పచ్చగుడ్డ అంచు ఎంత నీటుగా కుట్టి ఉందో కూడా అప్పుడే చూశాడతను.

ఇక ఆ రోజు సంగతి.

తుఫాను వస్తోందని పొద్దుట్నుంచే అంటున్నారు. అతని భార్య ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది.

"కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, టార్చి సెల్లులు తెండి. గ్యాసు అయిపోవచ్చింది, సిలిండరుకి చెప్పండి. ఫోను ఛార్జింగు పెట్టుకోండి. అమ్మ సూది వేసుకున్నాక వెంటనే తినాలి, ఆలస్యం చేయొద్దు. వింటున్నారా?"

"చూద్దాంలే" అన్నాడు.

సాయంత్రం కొట్టుకెళ్లాడు, పాపం. తీరా చూస్తే అక్కడ జనం ఎగబడుతున్నారు. లోకం రేపటితో ఆఖరైనట్టు ఈ గోలేంటని మనసులోనే వెక్కిరించుకున్నాడు. కొవ్వొత్తుల వైపు వరుస పొడుగ్గా ఉంది, సబ్బుల వైపు ఎవరూ లేరు. అందుకని ఒక సబ్బూ, ఒక ఉప్పు ప్యాకెట్టూ కొనుక్కుని ఇంటికొచ్చాడు.

చీకటిపడే వేళకి గాలి మొదలైంది. అత్తగారు అలవాటు ప్రకారం ఇన్సులిన్ సూది వేసుకుని, "ఇక వడ్డించండి అల్లుడుగారూ" అంది. అతను పొయ్యి మీద గిన్నె పెట్టాడు. మంట ఒక్కసారి నీలంగా లేచి... తుస్సుమని ఆరిపోయింది. గ్యాసు లేదు. కరెంటు పొయ్యి ఉందిగా అని దాన్ని బయటికి తీసి ప్లగ్గు పెట్టాడు.

అప్పుడే కరెంటు పోయింది.

ఆ ఇంట్లో ఇంకో విచిత్రం ఉంది. అత్తగారికి షుగరు. ఆవిడకేమో తీపి మీద ప్రాణం. అందుకని కూతురు ఇంట్లోంచి చక్కెరని తరిమేసింది. డబ్బా కడిగి బోర్లించేసింది. బిస్కెట్టు లేదు, పండు లేదు, పాలు కూడా లెక్కప్రకారం పొద్దున్నే. షుగరు పెరక్కుండా అన్ని దార్లూ మూసేశారు. తగ్గితే ఏం చేయాలన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు, ఆఖరికి నర్సుకి కూడా.

"అత్తయ్యా, కాసేపు ఆగండి, కరెంటొచ్చేస్తుంది" అన్నాడు చీకట్లోకి.

"మీ కాసేపులు నాకు తెలీనివా" అంది ఆవిడ. ఇద్దరూ నవ్వుకున్నారు.

కాసేపైంది. ఇంకాసేపైంది. వాన గోడల్ని బాదుతోంది. వీధిలో నీళ్లు మోకాలి లోతు దాటాయని కింద ఎవరో అరిచారు. ఆ తర్వాత ఎవరూ అరవలేదు. తలుపులకి ఒక్కొక్కటిగా గడియలు పడ్డ చప్పుడు వినిపించింది.

"అత్తయ్యా?"

జవాబు లేదు.

తడుముకుంటూ వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. చెమటతో తడిసి జారిపోతోంది... వణుకుతోంది.

"నాన్నా" అంది ఆవిడ ముద్దముద్దగా. "నాన్నా, ఇంటికెళ్దాం."

ఆ మాటతో అతని పై ప్రాణాలు పైనే పోయాయి. షుగరు పడిపోతోంది. భార్య ఎప్పుడో చెప్పింది, అలా పడిపోతూ మాట తడబడితే ఆలస్యం చేయకూడదని, నోట్లో ఇంత తీపి పడకపోతే మనిషి దక్కదని. ఫోను తీశాడు. చచ్చిపడి ఉంది. వంటింట్లోకి పరిగెత్తి డబ్బాలన్నీ తడిమాడు. బియ్యం, పప్పు, ఉప్పు, మళ్లీ ఉప్పు. బోర్లించిన చక్కెర డబ్బా చేతికి తగిలి కిందపడి దొర్లింది. నాకి చూసినా ఏమీ లేదు.

రోజూ పోట్లాడుకునే మనిషే. కానీ అత్తయ్యంటే తనకి ఇంత ప్రేమ ఉందని అతనికి ఆ చీకట్లోనే తెలిసింది.

బయటికొచ్చి ఎదురింటి తలుపు తట్టాడు. అందులో రిటైరైన బస్సు కండక్టరు ఉంటాడు, అల్లుడు బాబాయి అని పిలిచేది ఆయన్నే.

"ఉంది!" అని కేక వచ్చింది లోపల్నుంచి. "దీపం ఉంది! చాలా ఉన్నాయి!"

"బాబాయ్, నేను... అల్లుణ్ణి. కొంచెం చక్కెర..."

"ఉందన్నానా! వెళ్లిపో!"

మంచం కిర్రుమంది. ఆయన దుప్పటి కప్పుకున్నట్టున్నాడు. ఇంకెంత తట్టినా ఉలుకు లేదు, పలుకు లేదు.

గోడ పట్టుకుని మొదటి అంతస్తుకి దిగాడు. అక్కడ రెండు తలుపులు. తట్టాడో లేదో, రెండిళ్లలోంచీ ఒకేసారి "ఉంది! ఉంది!" గొంతు పగిలేలా బతిమాలాడు. గొంతు ఎంత పెంచితే లోపల అంత నిశ్శబ్దం. ఆ రాత్రి ఆ భవనానికి తనే దెయ్యమయ్యాడని అతనికి అర్థమైంది.

ఇక మిగిలింది పై అంతస్తు. అంటే మలుపు దాటాలి.

రెండో అంతస్తుకి తిరిగొచ్చి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. పగిలిన కిటికీలోంచి గాలి... ఊళ వేస్తోంది. ఇంకో మెట్టు. లోపల్నుంచి అత్తగారి మూలుగు వినిపించింది. ఆగాడు. ఈ చీకట్లో తను కూడా జారిపడితే ఆవిడ ఒంటరిగా పోతుంది. ఆ ఆలోచన రాగానే కాలు వెనక్కొచ్చేసింది. అది ఆలోచనో భయమో అతనికే తెలీదు.

లోపలికొచ్చి తలుపేసి, ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడుపు వచ్చేస్తోంది. "నాదే తప్పు అత్తయ్యా... నాదే..."

టక్ టక్... టక్.

తల తిప్పి గుమ్మం వైపు చూశాడు.

తలుపు కిందున్న సందులోంచి సన్నటి వెలుగు. పసుపుపచ్చటి వెలుగు... ఊగుతోంది. అడుగుల చప్పుడు లేదు. ఒక్క అడుగు కూడా.

"దీపం... ఉందా...?"

ఆ గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలీదు. పైనుంచీ, కిందనుంచీ, గోడల్లోంచీ వస్తున్నట్టుంది. ఎదురింట్లోంచి కండక్టరు బాబాయి వణుకుతూ "ఉంది" అన్నాడు. కింద నుంచి ఇంకెవరో "ఉంది" అన్నారు.

ఇతని నాలుక మీదికీ అదే మాట వచ్చింది. ఉంది అంటే వెళ్లిపోతుంది. తను బతుకుతాడు... మరి ఈవిడ?

ఆవిడ తల మెల్లగా దిండు మీద పెట్టాడు. లేచాడు. గడియ తీశాడు.

మెట్ల నడుమ కింద నుంచి పైదాకా బావిలా ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో, రెయిలింగుకి అవతల... గాల్లో... ఒక లాంతరు. పట్టుకున్న చెయ్యి లేదు. మనిషి లేదు. వెలుగు మాత్రం అటూ ఇటూ ఊగుతూ నిలబడి ఉంది.

గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"లేదు" అన్నాడు.

ఎదురింట్లో ఎవరో కెవ్వుమనబోయి నోరు నొక్కుకున్నారు.

"దీపం లేదు. చక్కెర కూడా లేదు. మా అత్తయ్యకి షుగరు పడిపోయింది... చచ్చిపోతోంది. నన్నేం చేసుకుంటావో చేసుకో. ముందు కాస్త చక్కెర ఇయ్యి!"

వెలుగు ఊగడం ఆగింది.

తర్వాత... మెల్లగా... పైకి లేవడం మొదలుపెట్టింది. మలుపు గోడ మీద నీడలు కిందికి జారాయి. మూడో అంతస్తు దాకా వెళ్లి మాయమైపోయింది. మళ్లీ కటిక చీకటి.

ఐపోయింది, అనుకున్నాడు. లేదన్నందుకు దెయ్యం కూడా వదిలేసి పోయింది. రెయిలింగు పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. లోపల అత్తగారి మూలుగు కూడా ఆగిపోయింది. ఆ ఆగడం అతను జన్మలో మర్చిపోలేడు.

అప్పుడు నెత్తి మీద వెలుగు పడింది.

లాంతరు దిగుతోంది. ఈసారి గబగబా. అతని మొహం ఎదురుగా వచ్చి ఆగింది. దాని పక్కన ఒక రేకు డబ్బా, ఒక గ్లాసు, రొట్టె ప్యాకెట్టు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె.

దెయ్యం ఇచ్చింది పుచ్చుకోవచ్చా లేదా అని ఆలోచించే స్థితి దాటిపోయాడతను. డబ్బా, లాంతరు, మిగతావన్నీ లాక్కుని లోపలికి పరిగెత్తాడు. మూత తీశాడు. తెల్లగా, నిండుగా చక్కెర. నీళ్లలో కలిపి, ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా పెదాల దగ్గర పెట్టాడు. మొదటి గుక్క గడ్డం మీదికి కారిపోయింది. రెండోది మింగింది. ఇంకోటి. ఇంకోటి.

ఎంతసేపైందో తెలీదు. ఆవిడ కళ్లు తెరిచి లాంతరు వెలుగులో అతన్ని పట్టిపట్టి చూసింది.

"ఎక్కడ దాచారు అల్లుడుగారూ ఇన్నాళ్లూ?" అంది. "నా కూతురికి చెప్పనులెండి. ఇంకో చెంచా వెయ్యండి."

అల్లుడు నవ్వబోయి భోరుమన్నాడు. ఆవిడ చేతికి రొట్టెముక్క ఇచ్చి, కొవ్వొత్తి వెలిగించి పక్కన పెట్టి, లాంతరు తీసుకుని బయటికొచ్చాడు. వచ్చినదేదైనా సరే, దండం పెట్టాలి.

గాల్లో ఇంకా వేలాడుతోంది అది. లాంతరు ఎత్తి చూశాడు. బుట్ట. పిడికి చుట్టూ పచ్చగుడ్డ, నీటుగా కుట్టిన అంచు.

తన నెత్తికి బొప్పి కట్టించిన బుట్ట!

తల పైకెత్తాడు. తాడు పైదాకా పోయింది. చివర్న మూడో అంతస్తు రెయిలింగు మీంచి ఒక మనిషి తల.

"ఎలా ఉన్నారండీ పెద్దావిడ?" అని గుసగుసగా అడిగింది కుట్టుపనావిడ. ఆ ఖాళీలో పడి ఆ గుసగుసే భవనమంతా పాకింది.

"అక్కా... మీరా?"

"నేనే తమ్ముడూ. గట్టిగా అడిగితే పడుకున్న పిల్లలు లేస్తారని మెల్లగా అడుగుతా. అమ్మలాగా మెట్లు దిగొచ్చి ఇవ్వలేను కదా. అందుకని బుట్ట." తాడు సవరించుకుంటూ అంది. "ఇన్నేళ్లుగా అడుగుతున్నా. ప్రతి ఇంట్లోంచీ ఉంది, ఉంది అనే అంటారు. పోన్లే, అమ్మ పోయాకైనా అందరికీ బుద్ధొచ్చింది, దీపాలు కొనిపెట్టుకుంటున్నారు అనుకుని సంతోషపడేదాన్ని. లేదన్నది మీరొక్కరే."

వెనకాల గడియ తీసిన చప్పుడైంది. కండక్టరు బాబాయి తల సగం బయటికొచ్చింది.

"అమ్మాయ్..." అన్నాడు సిగ్గుపడుతూ. "మాకూ లేదమ్మా."

కింద ఒక తలుపు తెరుచుకుంది. "మాకూ లేదండీ." ఇంకో తలుపు. "మాకసలు ఎప్పుడూ లేవు."

ఆ రాత్రి బుట్ట ఎన్నిసార్లు దిగిందో, ఎన్నిసార్లు ఎక్కిందో. గుమ్మం గుమ్మానికీ వెలుగు వచ్చింది. చాన్నాళ్ల తర్వాత ఆ మెట్ల మీద చీకటివేళ మనుషులు మాట్లాడుకున్నారు.

అందరూ లోపలికెళ్లాక, లాంతరు అత్తగారి దగ్గరుంచి, కొవ్వొత్తి ముక్క ఒకటి పట్టుకుని అల్లుడు మూడో అంతస్తుకి వెళ్లాడు. మలుపు దాటేటప్పుడు తనమీద తనకే నవ్వొచ్చింది. పైన కుట్టుపనావిడ రెయిలింగు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. మెడలో కొలతల టేపు, ఒళ్లో చుట్టిన తాడు.

డబ్బా చేతికిస్తూ అన్నాడు. "అన్నీ బాగున్నాయి గానీ అక్కా, ఆ తలుపు తట్టడం ఒక్కటి మానెయ్యండి. గుండె ఆగిపోయిందనుకోండి. అంత దూరం నుంచి ఎలా తట్టారసలు? కర్ర కట్టారా?"

"తట్టడమేంటి?" అంది ఆవిడ.

"అదే, నన్ను తట్టి లేపారుగా."

"బుట్ట మధ్యలో వేలాడుతుంది తమ్ముడూ. తలుపుదాకా ఎలా వస్తుంది? నేను ఇక్కణ్ణుంచి అడుగుతా, అంతే."

అల్లుడు రెయిలింగు మీంచి కిందికి, తన గుమ్మం వైపు చూశాడు.

"ఎలా తట్టారు?" అని అడిగింది ఆవిడ.

అతను రెయిలింగు మీద వేలి ముడితో కొట్టి చూపించాడు. టక్ టక్... టక్.

తాడు చుడుతున్న ఆవిడ చేతులు ఆగిపోయాయి. భయపడుతుందేమో అనుకున్నాడు. భయపడలేదు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"అమ్మ అలాగే తట్టేది" అంది. "నా కంటే ముందే వెళ్తోందన్నమాట."

కర్ర ఊతంతో లేచి లోపలికెళ్లి ఒక లాంతరు తెచ్చింది. ఆ ఇంట్లో ఉన్నవాటన్నిట్లోకీ పెద్దది. అద్దం తుడిచి, వెలిగించి, ఒత్తి పెంచి అతని చేతికిచ్చింది.

"ఆ మలుపులో పెట్టి వెళ్తారా? అందరికీ ఇచ్చింది. తనకే..."

కొవ్వొత్తి ఆర్పేసి, లాంతరు పట్టుకుని దిగాడు. ఒక్కో మెట్టూ చూసుకుంటూ. మలుపులో, అరిగిన మెట్టు పక్కన, గోడకి ఆనించి పెట్టాడు. ఏమైనా అనాలనిపించింది.

"పెద్దమ్మా... ఇది మీకు."

వెనక్కి చూడకుండా మిగతా మెట్లు దిగి తన గుమ్మం ముందుకొచ్చాడు. గాలికి తలుపు మూసుకుపోయి ఉంది. వెనకాల మలుపులోంచి పడుతున్న వెలుగుకి తలుపు మీద తన నీడ నిలువెత్తున ఉంది. లోపల అత్తగారు రొట్టె నములుతూ ఏదో గొణుక్కుంటోంది. హాయిగా అనిపించింది.

తలుపు నెట్టబోయి ఆగాడు.

నీడ తల కిందికి జారుతోంది. మెల్లగా... ఒక్కొక్క మెట్టంత... భుజాలు, నడుము, మోకాళ్లు. వెనకాల లాంతరు మెట్లెక్కి పైకి వెళ్తుంటే ఎలా జారుతుందో అలాగే.

అతను మాత్రం కదల్లేదు.